వాటా పొలానికి యంత్రం కొనాలంటే డబ్బు ఎవరిది?

రసాయనాలు వేయకుండా కూరగాయలు, చోళ్ళు, అపరాలు పండించే నలుగురైదుగురు రైతులు కలిసి, పట్నంలోని కుటుంబాలకు వారం వారం నేరుగా బుట్టలు పంపే పద్ధతి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మెల్లగా పరిచయమవుతోంది. కొనేవాళ్ళు చాలామంది విజయనగరం, విశాఖ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళే. ఒకటి రెండు సీజన్లు సాఫీగా సాగాక అందరికీ ఒకే అవసరం ఎదురవుతుంది. కలుపు యంత్రం కావాలి, కోసిన ఆకుకూర మర్నాటికి వాడిపోకుండా చల్లని గది కావాలి, సరుకు చేర్చడానికి సొంత బండి కావాలి. అప్పుడు కొనే కుటుంబాలకు ఒక సందేశం వెళ్తుంది: తలా కొంత వేసుకోండి అని.

ఆ 'కొంత' విరాళమా, అప్పా, ముందుగా కట్టిన కూరగాయల డబ్బా, పొలంలో భాగమా అన్నది చాలాసార్లు ఇచ్చేవాళ్ళకూ తెలియదు, అడిగేవాళ్ళకూ తెలియదు. నాలుగింటికీ చట్టం వేరు, లెక్క వేరు, నష్టం వస్తే మోసే భుజం వేరు. మంచి ఉద్దేశంతో మొదలైన పొలాలు మనస్పర్థలతో ఆగిపోకూడదంటే ఈ తేడాలు రెండు వైపులా తెలిసి ఉండాలి.

వాటా సేద్యం అంటే ఏమిటి, ఏది కాదు

తినేవాళ్ళు సీజన్ మొదట్లోనే డబ్బు కట్టి, వచ్చే పంటలో తమ వాటా తీసుకోవడం వాటా సేద్యం. ఇంగ్లీషులో కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్ అంటారు. జపాన్‌లో 1970ల్లో తేయికేయి పేరుతో ఇలాంటి ఏర్పాట్లు పెరిగాయి. అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రాల్లో రెండు పొలాలతో మొదలైంది. మామూలు కొనుగోలులో సరుకు చూసి డబ్బు ఇస్తాం. ఇక్కడ డబ్బు ముందు, సరుకు తర్వాత. పంట బాగా వస్తే బుట్ట నిండుతుంది, దెబ్బతింటే బుట్ట తేలికవుతుంది. ఆ హెచ్చుతగ్గులను రైతుతో పాటు తినేవాళ్ళూ భరించడమే దీని మూలసూత్రం.

మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పేరులోనూ 'కమ్యూనిటీ' ఉంది. అది మహిళా సంఘాల ద్వారా రైతుల్లో సాగు పద్ధతి మార్చే ప్రభుత్వ కార్యక్రమం. వినియోగదారులు డబ్బు పెట్టే ఏర్పాటు దానిలో భాగం కాదు. ఆవు పేడతో చేసే ఘన జీవామృతం ఎరువు వాడే రైతు అంతమాత్రాన వాటా సేద్యం చేస్తున్నట్టు కాదు.

సీజన్ డబ్బు, యంత్రం డబ్బు

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ముందుగా వచ్చిన వాటా డబ్బు ఆ సీజన్‌లోనే ఖర్చయిపోవాల్సిన డబ్బు. విత్తనం, కూలి, రవాణా, రైతు కుటుంబాల జీతం అందులోంచే రావాలి. యంత్రం అలా కాదు. దాని ఖర్చు ఒక్క రోజులో జరుగుతుంది, ఫలితం ఆరేడేళ్ళు వస్తుంది. పొట్టి డబ్బుతో పొడుగు వస్తువు కొంటే ఏమవుతుందో ఒక ఊహా పొలం లెక్కతో చూద్దాం.

గజపతినగరం దగ్గర ఐదు కుటుంబాలు ఎనిమిది ఎకరాలు సాగు చేస్తున్నాయనుకుందాం. వాటాదారులు 80 కుటుంబాలు. బుట్ట వారానికి 400 రూపాయలు, సీజన్ 24 వారాలు, ఏడాదికి రెండు సీజన్లు. ఒక్కో వాటా సీజన్‌కు 9,600 రూపాయలు, మొత్తం రాబడి 7,68,000. ఖర్చులు 6,90,000. మిగిలేది 78,000. కావలసిన సామాను కలుపు యంత్రం 75,000, చల్లని గది 3,50,000, పాత సరుకు ఆటో 1,75,000. మొత్తం ఆరు లక్షలు.

ముందుగా ఒక సంగతి. ఈ సామాను ఏటేటా అరిగిపోతుంది. కలుపు యంత్రం ఆరేళ్ళు, గది పదేళ్ళు, బండి ఏడేళ్ళు పనిచేస్తాయనుకుంటే ఏడాదికి తరుగు 12,500, 35,000, 25,000. కలిపితే 72,500. ఏడాదికి పంపే బుట్టలు 3,840. అంటే ప్రతి బుట్ట మీదా దాదాపు 19 రూపాయల తరుగు పడుతుంది. యంత్రం ఏ డబ్బుతో కొన్నా, అది పాడయ్యే నాటికి మరొకటి కొనాలంటే ఈ 19 రూపాయలు ఎక్కడో ఒకచోట పక్కన పడాలి. విరాళం వచ్చింది కదా అని ధరలో తరుగు కలపని పొలం ఆరేళ్ళ తర్వాత మళ్ళీ విరాళమే అడగాల్సి వస్తుంది. కరెంటు బిల్లు, డీజిల్, రిపేరు దీనికి అదనం.

బుట్ట ధర పెంచితే

అన్నిటికంటే సూటి దారి ఇదే. వారానికి 40 రూపాయలు పెంచితే సీజన్‌కు 76,800, ఏడాదికి 1,53,600 వస్తుంది. ఎవరికీ అప్పు లేదు, చట్టం గొడవ లేదు. కానీ ఆరు లక్షలు చేరడానికి దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. ఆలోగా ఆకుకూర వాడిపోతూనే ఉంటుంది. పైగా పది శాతం పెంపు వల్ల ఎనిమిది కుటుంబాలు మానేస్తే సీజన్ రాబడి 7,60,320కి చేరుతుంది. అంటే పాత రాబడి కంటే కూడా తక్కువ. బుట్టలు తగ్గితే ఖర్చూ కొంత తగ్గుతుంది గానీ, కూలి, రవాణా ఆ లెక్కన తగ్గవు.

రెండేళ్ళ వాటా ఒకేసారి కట్టించుకుంటే

చూడగానే నచ్చే పద్ధతి ఇదే, పొలాలను ఎక్కువగా దెబ్బతీయగలిగేదీ ఇదే. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

80 కుటుంబాల్లో 25 కుటుంబాలు నాలుగు సీజన్ల డబ్బు ఒకేసారి కడతాయి, బదులుగా పది శాతం తగ్గింపు. ఒక్కో కుటుంబం 38,400 బదులు 34,560 కడుతుంది. మొత్తం 8,64,000. మిగతా 55 కుటుంబాల నుంచి 5,28,000. చేతిలో 13,92,000 ఉంటుంది. సీజన్ ఖర్చు 6,90,000, సామాను ఆరు లక్షలు పోగా ఇంకా 1,02,000 మిగులుతుంది. బ్యాంకు గడప తొక్కకుండానే అన్నీ వచ్చేశాయి!

రెండో సీజన్ వస్తుంది. ఆ 25 కుటుంబాలకు బుట్టలు పంపాలి, కానీ వాళ్ళ నుంచి రూపాయి రాదు. రాబడి 5,28,000, ఖర్చు 6,90,000. లోటు 1,62,000. ఇది మూడు సీజన్లు వరసగా జరుగుతుంది, మొత్తం 4,86,000. చేతిలో ఉన్న 1,02,000 పోగా 3,84,000 తక్కువ. చల్లని గది వల్ల వృథా తగ్గి కొంత కలిసి రావచ్చు. అయినా ఆ కలిసిరావడం ఏడాదిన్నరలో ఇంత మొత్తం కావాలంటే కష్టం. రెండో సీజన్ ముగిసేలోపే రైతు కూలి డబ్బుకు చేబదులు కోసం తిరుగుతాడు. సేద్యం బాగానే ఉంటుంది, పంట బాగానే ఉంటుంది, డబ్బు మాత్రం ఉండదు. ఆ టెన్షన్‌కు కారణం రైతు చేతకానితనం అని వాటాదారులు అనుకుంటే అది అన్యాయం. అసలు కారణం ముందే తినేసిన రాబడి.

చట్టం వైపు నుంచి మరో ముడి ఉంది. పొలం కంపెనీగా నమోదై ఉంటే, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోగా సరుకు ఇచ్చి సర్దాలి. లేకపోతే 2014 నాటి కంపెనీల డిపాజిట్ నియమాల ప్రకారం అది డిపాజిట్ కిందికి వస్తుంది. రెండేళ్ళ వాటాలో రెండో ఏడాది భాగం ఈ గీత దాటుతుంది. ఒక్క సీజన్, ఒక్క ఏడాది అడ్వాన్సులకు ఈ ఇబ్బంది లేదు.

వాటాదారుల దగ్గర అప్పు తీసుకుంటే

నలభై కుటుంబాలు తలా 5,000 అప్పిస్తే రెండు లక్షలు. తిరిగి డబ్బుగా ఇవ్వొచ్చు, లేదా విడతలుగా బుట్టల్లో తీర్చొచ్చు. వడ్డీ తక్కువ, పరిచయం ఎక్కువ. రైతు వైపు నుంచి చూస్తే ఇది ఊళ్ళో తెలిసినవాళ్ళ దగ్గర తీసుకునే చేబదులు లాంటిదే.

చట్టం మాత్రం అలా చూడకపోవచ్చు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్రం ఒక చట్టం చేసింది. వ్యాపారంగా జనం నుంచి డిపాజిట్లు తీసుకునే వ్యక్తులు, భాగస్వామ్య సంస్థలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. సరుకు కోసం నిజంగా తీసుకున్న అడ్వాన్సుకు అందులో మినహాయింపు ఉంది. అయితే సరుకు ఇవ్వలేక డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చి, గడువు దాటాక 15 రోజుల్లో ఇవ్వకపోతే అదీ డిపాజిట్‌గా మారుతుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఇచ్చిన అప్పు వేరు, 'మా పొలంలో డబ్బు పెట్టండి, ఏటా ఇంత వస్తుంది' అని అందరికీ ప్రకటించడం వేరు. రెండోదానికి ఈ చట్టం భయం ఉంది.

ఈ కట్టడి అతిగా ఉందని, చిన్న రైతు బృందాన్ని మోసపు కంపెనీలతో ఒకే గాట కట్టడం సరికాదని వాదించవచ్చు. ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టి ఏళ్ళ తరబడి తిరిగిన కుటుంబాలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. 2019లో పదివేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిట్లకు రాష్ట్ర ప్రభుత్వమే చెల్లించాల్సి వచ్చింది. భూమి పేరు, పంట పేరు చెప్పి డబ్బు అడిగితే జనం ముందు అనుమానంగా చూడటానికి కారణం ఉంది.

విరాళం: తీర్చనక్కర్లేదు, షరతులు మాత్రం ఉన్నాయి

విరాళాన్ని వెనక్కి ఇవ్వక్కర్లేదు కాబట్టి రైతుకు అన్నిటికంటే తేలిక. కానీ ఒక రైతు సొంత పేరున, బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో వచ్చిన కానుకల డబ్బు 50,000 దాటితే ఆ మొత్తం అంతా పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయమే. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదన్న మినహాయింపు దీనికి వర్తించదు, ఎందుకంటే ఇది పంట అమ్మితే వచ్చింది కాదు. ఇచ్చేవాళ్ళకు పన్ను రాయితీ కావాలంటే అందుకు అర్హత పొందిన ట్రస్టు లాంటి సంస్థకు ఇవ్వాలి. రైతు బృందానికి నేరుగా ఇస్తే రాదు.

విదేశాల్లో ఉన్న మన ఊరివాళ్ళ సంగతి మరీ గందరగోళం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, వాళ్ళు పుట్టింది పాలకొండలోనైనా, అది విదేశీ విరాళమే. దానికి కేంద్రం దగ్గర నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఇద్దరు అన్నదమ్ములు డల్లాస్‌లో పక్కపక్క ఇళ్ళలో ఉండి తలా వంద డాలర్లు పంపినా ఒకరిది ఇబ్బంది లేని డబ్బు, మరొకరిది నమోదు లేకుండా ముట్టుకోకూడని డబ్బు కావచ్చు.

బ్యాంకు అప్పు, సబ్సిడీ: చేతికొచ్చేది ఎప్పుడు

యంత్రం ఆయుష్షుకు సరిపడే గడువు ఉన్న డబ్బు బ్యాంకు దీర్ఘకాలిక రుణమే. కిసాన్ క్రెడిట్ కార్డు ప్రధానంగా పంట పెట్టుబడికి ఇచ్చేది, దానితో గది కట్టుకుంటే మళ్ళీ పొట్టి డబ్బు సమస్యే. తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణాల పరిమితిని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి నుంచి 1.6 లక్షల నుంచి రెండు లక్షలకు పెంచింది. మహిళా సంఘం ద్వారా అయితే దారి ఇంకాస్త వెడల్పు.

చల్లని గది లాంటి వాటికి 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి ఉంది. రెండు కోట్ల వరకు రుణానికి ఏడేళ్ళ దాకా వడ్డీలో మూడు శాతం కేంద్రం భరిస్తుంది. 2024 ఆగస్టులో ఉమ్మడి సాగుకు కావలసిన ఆస్తులను కూడా దీని పరిధిలో చేర్చారు. రుణాలిచ్చే గడువు 2025-26 వరకు అని పెట్టిన పథకం ఇది. కాబట్టి లెక్క వేసుకునే ముందే గడువు సంగతి బ్యాంకులో తేలాలి.

మన ఊహా పొలం గది కోసం సొంతంగా 50,000 పెట్టి మూడు లక్షలు అప్పు తీసుకుందనుకుందాం. ఐదేళ్ళలో, ఏటా 60,000 అసలు చొప్పున, తొమ్మిది శాతం వడ్డీకి. మొత్తం వడ్డీ 81,000 అవుతుంది. మూడు శాతం తగ్గితే 54,000. అలా తగ్గితే మొదటి ఏడాది కట్టాల్సింది అసలు, వడ్డీ కలిపి 78,000. పొలం ఏడాది మిగులు 1,56,000లో సరిగ్గా సగం. కష్టమే గానీ, రెండేళ్ళ వాటాలు ముందే తినేయడం కంటే ఇది ఊపిరాడే లెక్క.

సబ్సిడీ విషయంలో మాత్రం చాలామంది ఒక తప్పు లెక్క వేస్తారు. 35 శాతం సబ్సిడీ అనగానే జేబులోంచి 65 శాతం పెడితే చాలనుకుంటారు. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు 2020లో తెచ్చిన కేంద్ర పథకాన్ని చూడండి. చోడిపిండి మర పెట్టుకునేవాళ్ళకు పనికొచ్చేది. 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల సబ్సిడీ. రెండు లక్షల మరకు సొంత వాటా పది శాతం 20,000, మిగతా 1,80,000 రుణం. సబ్సిడీ 70,000 బ్యాంకులో విడిగా ఉంటుంది. మూడేళ్ళపాటు వాయిదాలు సరిగా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటేనే దాన్ని అప్పులో సర్దుతారు. కాబట్టి మొదటి మూడేళ్ళ బరువు సబ్సిడీ లేనట్టే మోయాలి.

భాగం ఇవ్వాలంటే ఏ రకం సంస్థ

డబ్బు పెట్టినవాళ్ళను యజమానులను చేయాలన్న ఆలోచన అందంగా ఉంటుంది. కానీ రైతులు ఎక్కువగా ఎంచుకునే ప్రొడ్యూసర్ కంపెనీలో సభ్యత్వం ఉత్పత్తిదారులకే. మధురవాడ అపార్ట్‌మెంట్‌లో కూర్చుని బుట్ట కొనే కుటుంబానికి అందులో వాటా రాదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు కేంద్రం ఇచ్చే ఒక్కో రైతుకు 2,000 చొప్పున, గరిష్ఠంగా 15 లక్షల గ్రాంటు (సభ్యులు పెట్టిన వాటా డబ్బుకు సమానంగా ఇచ్చేది) ఊరించేదే. కానీ మైదాన ప్రాంతంలో దానికి కనీసం 300 మంది రైతులు కావాలి. ఐదు కుటుంబాల పొలానికి అది అందని ద్రాక్ష. రైతులు, తినేవాళ్ళు కలిసి సభ్యులుగా ఉండాలంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దగ్గరి దారి. ఎంత పెట్టినా ఓటు ఒకటే అన్న సహకార పద్ధతికీ వాటా సేద్యానికీ పొసగుతుంది. అయితే ఎన్నికలు, ఆడిట్ లాంటి పనులకు ఓపిక ఉన్న మనిషి ఒకరు కావాలి.

అసలు కొనాలా?

కలుపు యంత్రాన్ని అద్దెకు తీసుకోవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనది. అద్దె రోజుకు 900 అనుకుంటే, ఏడాదిలో పది రోజుల పనికి 9,000. సొంత యంత్రం తరుగే 12,500. అద్దే నయం. ముప్పై రోజుల పని ఉంటే అద్దె 27,000, అప్పుడు సొంతం నయం. కాకపోతే జల్లు పడ్డాక కలుపు అందరి పొలాల్లో ఒకే వారం లేస్తుంది, అద్దె యంత్రం ఆ వారమే దొరకదు.

ఇంకో మాట కూడా లెక్కలోకి రావాలి. కలుపు తీత ఊళ్ళో ఆడవాళ్ళకు కూలి దొరికే పని. వాటా సేద్యం పేరుతో విరాళం తీసుకుని, అదే ఊరి ఆడవాళ్ళ పనిదినాలు తగ్గిస్తే అది ఎవరి మేలు అని కొందరు అడుగుతారు. వలసల వల్ల కలుపు వేళకు మనుషులే దొరకడం లేదని, యంత్రం లేకపోతే పంటే పోతుందని రైతులు చెబుతారు. రెండూ నిజాలే. నా దృష్టిలో చల్లని గదికి ఈ చిక్కు లేదు. అది పండినదాన్ని కాపాడుతుంది, ఎవరి పనీ తీసేయదు. ముందు దేనికి డబ్బు అడగాలో తేల్చుకోవడానికి ఈ తేడా ఉపయోగపడుతుంది.

నేల కౌలుదైతే, పొలం ఆగిపోతే

మన దగ్గర చాలా సాగు కౌలు మీదే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకు. ఐదేళ్ళ అప్పుతో కట్టిన గది 11 నెలల కాగితం మీద నిలబడి ఉంటుంది. భూమి యజమాని మారితే ఇటుక గోడలను మోసుకుపోలేం. విప్పి తీసుకెళ్ళగలిగే ప్యానెళ్ళ గదులకు ఖర్చు ఎక్కువైనా కౌలు రైతులు వాటి వైపు చూడటానికి కారణం ఇదే.

తుపాను సంగతి సరేసరి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరిని, జీడిని కూల్చేసింది. పంట నష్టాన్ని వాటాదారులు పంచుకుంటారన్నది మూలసూత్రమే. గది కప్పు ఎగిరిపోతే ఆ నష్టం ఎవరిదో మాత్రం వాటా పద్ధతిలో ఎక్కడా లేదు. పంట బీమాకు, సామాను బీమాకు సంబంధం లేదు.

పొలం మూడేళ్ళకే ఆగిపోయిందనుకుందాం. గదిని లక్షన్నరకు అమ్మారు. బ్యాంకు అప్పు అసలు ఇంకా 1,20,000 ఉంది. గది బ్యాంకుకు హామీగా ఉంది కాబట్టి ముందు ఆ బాకీ తీరుతుంది. మిగిలేది 30,000. నలభై కుటుంబాలు ఇచ్చిన రెండు లక్షలు విరాళమైతే, అది రైతుల పేరునే ఇచ్చి ఉంటే ఈ 30,000 రైతులది. అప్పయితే ఒక్కో కుటుంబానికి 5,000కు బదులు 750 చేతికొస్తుంది, మిగతా 4,250 బాకీగానే ఉంటుంది. సంఘంలో వాటా అయితే సంఘానికి ఉన్న మిగతా బాకీలన్నీ తీరాక ఏమైనా ఉంటే పంచుతారు. బుట్టల అడ్వాన్సు అయితే ఇంకా పంపని బుట్టల విలువ వెనక్కి ఇవ్వాలి, దానికి 15 రోజుల గడువు మొదలవుతుంది.